బేగంపేట ప్లాట్‌ఫాం మీద మా అమ్మకు తోడున్న అమ్మాయికి

హనుమకొండ నుంచి రాస్తున్నాను. పిల్లలకు క్రిస్మస్ సెలవులు రాగానే హైదరాబాద్ చూపించుకొద్దామని పోయి వచ్చాం. వచ్చి నాలుగు రోజులైంది కానీ అక్కడ ఒక అమ్మాయికి సరిగ్గా థ్యాంక్స్ కూడా చెప్పలేకపోయానన్న బాధ పోవట్లేదు. తన పేరు ఎక్కడా రాయొద్దని తనే అంది, అందుకే రాయట్లేదు.

మేం ఐదుగురం. నేను, నా భార్య, కూతురు, కొడుకు, డెబ్బై రెండేళ్ల మా అమ్మ. 24న పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఆడవాళ్లు ముగ్గురికీ జీరో టికెట్, డబ్బులు పెట్టింది నాకూ మావాడికీ మాత్రమే. కండక్టర్‌కు ఆధార్ చూపించాలి కదా, అమ్మ కార్డును తన గుడ్డసంచిలో వేసుకుంది. అదే సంచిలో పేపర్లో చుట్టిన సర్వపిండి, ఎప్పుడో బ్యాంకు పనికి తీసిన ఆధార్ జిరాక్స్ ఒకటి ఉన్నాయి. ఆ జిరాక్స్ కింద పెన్నుతో నా ఫోన్ నంబరు రాసి ఉంది. పారేయకుండా ప్రతి కాగితమూ దాస్తుందని అమ్మను ఎన్నిసార్లు విసుక్కున్నానో.

మొదటి రోజు సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్. మ్యూజియంలో మిగతావన్నీ మేం చూశాం, అమ్మ మాత్రం గడియారం దగ్గరే కూర్చుండిపోయింది. గంట గంటకూ ఒక బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి పోతుంది, దాని కోసమే జనమంతా ఎదురుచూస్తారు. అమ్మకు అది పట్టలేదు. పక్కన సెకనుకో దెబ్బ వేసే కమ్మరి బొమ్మ ఉంది చూడండి, దాన్నే చూస్తూ "పాపం, ఈనకు చెయ్యి గుంజదా" అంటుంది. చార్మినార్ దగ్గర జనాన్ని చూసి పైకి ఎక్కే ఆలోచన మానుకున్నాం, గాజులు కొనుక్కుని బయటపడ్డాం.

రెండో రోజు గోల్కొండ. కోట ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని గైడ్ చెప్పగానే పిల్లలు చేతులు ఎర్రబడేదాకా కొట్టారు. అక్కడ మొదట ఉన్నది కాకతీయుల కాలం నాటి మట్టికోట అని కూడా చెప్పాడాయన. ఇక చూస్కోండి, అమ్మ మొహం వెలిగిపోయింది. "అయితే ఇది గూడ మనోళ్లదే" అని దారి పొడవునా అదే మాట.

సాయంత్రం హుస్సేన్‌సాగర్ ఒడ్డున పిల్లలకు ఎర్ర శాంటా టోపీలు కొనిచ్చి, ఉప్పల్‌లో బావమరిది ఇంటికి తిరిగి పోదామని ఖైరతాబాద్‌లో మెట్రో ఎక్కాం. అమీర్‌పేటలో రైలు మారాలి. క్రిస్మస్ రోజు కదా, ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టే చోటు లేదు. రైలొచ్చింది. జనంతో పాటు అమ్మ లోపలికి పోయింది. మావాడి టోపీ కింద పడింది. నేను వంగి తీసి లేచేసరికి తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి అమ్మ మొహం కనిపించింది, నోరు కదులుతోంది, మాట వినబడట్లేదు. తప్పు నాదే. యాభై రూపాయల టోపీ కోసం అమ్మ చెయ్యి వదిలాను.

అమ్మ ఫోన్ ఛార్జింగ్ లేదని ఉప్పల్‌లోనే వదిలేసి వచ్చాం. ఐదుగురి టికెట్లూ నా ఫోన్‌లోనే ఉన్నాయి, అంటే ఆమె ఎక్కడైనా దిగినా గేటు దాటే వీల్లేదు. నా భార్య సెక్యూరిటీ అతని దగ్గరికి ఉరికింది. ఆయన చీర రంగు అడిగి వాకీటాకీలో చెప్తుండగానే నా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అంకుల్, మీ అమ్మగారు నా పక్కనే ఉన్నారు. బేగంపేటలో దిగాం. ప్లాట్‌ఫాం మీదే కూర్చుంటాం, మీరు టెన్షన్ పడకండి, తర్వాతి ట్రైన్‌కు రండి."

ఒకే ఒక్క స్టేషన్. అయినా అంత దూరం నేనెప్పుడూ పోలేదనిపించింది.

మేం దిగేసరికి ఇద్దరూ బెంచీ మీద ఉన్నారు. అమ్మ ఆ అమ్మాయికి కమ్మరి బొమ్మ కథ చెప్తోంది. అమ్మాయి ఒళ్లో రిబ్బన్ కట్టిన కేక్ డబ్బా, దాని మీద పేపర్ ముక్కలో రెండో రోజుకు గట్టిపడ్డ సర్వపిండి. ఒక పక్కన కొరికి ఉంది. అమ్మ ఏడుస్తుంటే సంచి తీయించి, జిరాక్స్ మీద నంబరు చూసి ఫోన్ చేసింది ఈ అమ్మాయే. సికింద్రాబాద్‌లో చర్చికి పోతూ, మా కోసం మధ్యలో దిగిపోయింది. మేం ఉండగానే ఆమెకు రెండుసార్లు ఫోన్ వచ్చింది. "వస్తున్నా, మీరు స్టార్ట్ చేసేయండి" అని పెట్టేసింది. పాటలు పాడే వాళ్లలో తనూ ఒకరని తర్వాతి రైల్లో కలిసి పోతుంటే తెలిసింది. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. హ్యాపీ క్రిస్మస్ చెప్పాలని కూడా నాకు తట్టలేదు, మా అమ్మాయి చెప్పింది.

అమీర్‌పేట ప్లాట్‌ఫాం మీది సెక్యూరిటీ అన్నకు కూడా థ్యాంక్స్. అమ్మ దొరికిందని చెప్పాక కూడా మా వెంటే ఉండి, రైలు ఎక్కించి, పిల్లల చేతులు పట్టుకోండని మరీ మరీ చెప్పాడు.

బిడ్డా, నువ్వు ఇది చదువుతావని తెలుసు, నీకే ముందు పంపిస్తున్నాను. ఆ రోజు నీ పాట నీకు తప్పిపోయింది మా వల్లే. నీది జనగామ పక్క ఊరని మా అమ్మ నీ దగ్గర ఐదు నిమిషాల్లోనే రాబట్టిందట. సంక్రాంతికి ఇంటికి వస్తావు కదా, ఏ రోజు వస్తావో ఒక్క మెసేజ్ పెట్టు. సకినాలకు నువ్వులు మా అమ్మ ఇప్పుడే తెప్పించింది. నువ్వు చెప్పేదాకా బియ్యం నానబోయనని కూర్చుంది.