చిన్నీకి, ప్రాక్టికమ్ మొదలుపెట్టే ముందు

చిన్నీ,

ఎల్ఎంఎఫ్‌టీ, అంటే జంటలకి, కుటుంబాలకి కౌన్సెలింగ్ చేసే థెరపిస్టు లైసెన్సుకి కాలిఫోర్నియాలో 3,000 గంటలు, కనీసం 104 వారాలు కావాలి. అవి తగ్గవు. కానీ చేసిన పని లెక్కలోకి రాక, ఇంకో ఏడాదో రెండేళ్లో సాగిపోకుండా చూసుకోవడం మాత్రం నీ చేతిలోనే ఉంది. ఇదంతా ఫోన్లో చెబితే నిలవదు, అందుకే రాస్తున్నా.

నీకు 12 సెమిస్టర్ యూనిట్లు అయిపోయాయి కాబట్టి ఇప్పటినుంచే గంటలు జమవుతాయి. డిగ్రీకి ముందు చేసినవి 1,300 వరకు లెక్కేస్తారు. అందులో క్లయింట్లతో గడిపినవి, సూపర్విజన్ (సూపర్వైజర్ నీ పని చూసి దిద్దే గంటలు) కలిపి 750 దాటకూడదు. చాలామంది డిగ్రీకి కావలసినంత చేసి ఆపేస్తారు. నువ్వు ఆపకు. వీలైతే వేసవి సెలవుల్లో కూడా ప్రాక్టికమ్, అంటే చదువులో భాగంగా క్లయింట్లతో చేసే పని, కొనసాగనివ్వమని కాలేజీని అడుగు. పిల్లలు, జంటలు, కుటుంబాలు వచ్చే చోటే ఎంచుకో. మొత్తంలో 500 గంటలు వాళ్లతోనే చేయాలి, చివర్లో అందరికీ కొరతపడేవి అవే.

గంటలు రాసే వారం షీటు మీద సూపర్వైజర్ సంతకం ఆ వారమే పెట్టించు. నెలాఖరుకి అన్నీ కలిపి చేయిద్దామనుకుంటే, ఈలోగా ఆవిడ ఉద్యోగం మారితే నీ గంటలకి సాక్ష్యం ఉండదు. సూపర్విజన్ జరగని వారం నువ్వు ఎంత పని చేసినా సున్నాయే. ఆవిడ సెలవు పెడితే బదులు ఎవరు చూస్తారో ముందే అడిగి పెట్టుకో.

అసలు మెలిక డిగ్రీ వచ్చాక ఉంటుంది. అసోసియేట్ నంబరు, అంటే లైసెన్సు వచ్చేలోగా లైసెన్సు బోర్డు ఇచ్చే రిజిస్ట్రేషన్, చేతికి రావడానికి వారాలు పడుతుంది. ఆలోగా చేసిన పని లెక్కలోకి రావాలంటే డిగ్రీ తేదీ నుంచి 90 రోజుల్లోపు నీ దరఖాస్తు బోర్డుకి చేరాలి. ఆ తేదీ గౌను వేసుకుని ఫోటోలు దిగిన రోజు కాదమ్మా, ట్రాన్స్‌క్రిప్ట్ మీద పడేది. రెండూ ఒకటే అనుకోకుండా రిజిస్ట్రార్‌ని అడుగు. ఇంకొకటి: నువ్వు పనిచేసే సంస్థ లైవ్ స్కాన్ వేలిముద్రలు (నేర చరిత్ర చూడటానికి తీసేవి) అడిగి ఉండాలి, అవి అక్కడ మొదటి గంటకి ముందే అయిపోవాలి. బోర్డు కోసం ఇచ్చిన వేలిముద్రలు దీనికి చెల్లవు, అవి వేరు, ఇవి వేరు. సంస్థ కోసం ఇచ్చిన ఫారం కాపీ దాచుకో, లైసెన్సు దరఖాస్తుతో పంపాలి. అది లేక ఆ గంటలన్నీ పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. నంబరు వచ్చేదాకా ప్రైవేట్ ప్రాక్టీసులో అడుగుపెట్టకు.

21 నిండి, మా మీద వచ్చిన హెచ్-4 నుంచి స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారావు కాబట్టి నీకు ఇంకో గడియారం కూడా ఉంది. ఓపీటీ (చదువు అయ్యాక ఏడాది పని చేసుకునే అనుమతి) కార్డు చేతికి రాకపోతే ఆ 90 రోజుల వెసులుబాటు నీకు పనికిరాదు, కార్డు లేకుండా పని చేయకూడదు. అందుకే చదువు ముగియడానికి 90 రోజుల ముందు, అంటే దరఖాస్తు తీసుకునే మొదటి రోజుల్లోనే వేసెయ్. ఫుల్‌టైమ్ సీపీటీ (చదువుతూ పని చేసే అనుమతి) 12 నెలలు వాడితే ఓపీటీ పూర్తిగా పోతుంది. ప్రాక్టికమ్‌ని పార్ట్‌టైమ్ సీపీటీలోనే ఉంచు. ఓపీటీ ఏడాదిలో 104 వారాలు తీరవు కదా, అందుకని ఉద్యోగ వీసా హెచ్-1బీకి లాటరీ అక్కర్లేని యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్లని మొదట చూడు. వీసా సంగతి మాత్రం మీ కాలేజీ ఆఫీసులో మళ్లీ ఖాయం చేసుకో.

ఉద్యోగానికి పిలిస్తే జీతం తర్వాత వెంటనే సూపర్విజన్ గురించి అడుగు. వారానికి ఒక గంట విడిగా, లేదా రెండు గంటలు గ్రూపులో ఉండాలి. క్లయింట్లతో 10 గంటలు దాటిన వారం అంతే ఇంకోసారి కావాలి. దీనికి తడబడే చోటు వద్దు. లా అండ్ ఎథిక్స్ పరీక్ష మొదటి ఏడాదే రాసెయ్, రాయకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు.

ఫ్రీమాంట్‌లో, సన్నీవేల్‌లో పిల్లల దగ్గరికొచ్చిన పెద్దవాళ్లు "గుండె దడగా ఉంటోందమ్మా, నిద్ర పట్టట్లేదు" అని తెలుగులో చెప్పుకోవడానికి మనిషి దొరకడం లేదు. అనువాదం చేసే కొడుకు పక్కనే కూర్చుంటే కోడలి సంగతి వాళ్లు నోరు విప్పి చెప్పరు. నువ్వు ఏడాది ముందు వస్తే, ఆ ఏడాది వాళ్లకి దక్కుతుంది. అందుకే ఇంత పట్టుబడుతున్నా.

సూపర్విజన్ మొదలైన 60 రోజుల్లోపు అగ్రిమెంటు మీద సంతకాలు కావాలి. కాగితం చేతికొచ్చిన రోజే ఫోటో తీసి పంపు, చదివి చెప్తా.

అమ్మ