కర్నూలు ఎండలో మన మిగ్

కర్నూలు,
జనవరి 2026

బావా,

సంక్రాంతికి వస్తావని చివరి రోజు దాకా ఎదురుచూశా. అమ్మ నీకోసమని తీసి పెట్టిన అరిసెలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. ఫోన్లో మాట్లాడుకుంటే పోయేది కదా అంటావేమో, ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. కూర్చుని రాయాల్సిందే.

మన మిగ్-21 బొమ్మ విమానం పూర్తయింది. పూర్తయినట్టే. ఒక్క ముక్క మిగిలింది, దాని సంగతి తర్వాత.

2013 డిసెంబరు గుర్తుందా? బెంగాల్లోని కలైకుండా వైమానిక స్థావరంలో మిగ్-21 ఎఫ్ఎల్ రకానికి వీడ్కోలు చెప్పారని వార్తల్లో చూసి, ఆ రాత్రంతా మన రూములో అదే మాట. చెరి సగం డబ్బులు వేసుకుని 1:48 కిట్టు, అంటే అసలు విమానంలో 48వ వంతుండే మోడల్ ముక్కల పెట్టె, తెప్పించాం. పెట్టె విప్పి, ప్లాస్టిక్ చట్రాలకు వేలాడుతున్న ముక్కలు చూసి, పరీక్షలు అయ్యాక చేద్దాంలే అనుకున్నాం. పరీక్షలయ్యాయి, నీకు నాసిక్‌లో ఉద్యోగమొచ్చింది, నాకు పెళ్లయింది, పాప పుట్టింది. పెట్టె మాత్రం అటక మీదే ఉండిపోయింది. పోయినేడు సంక్రాంతికి సున్నం వేయించాలని అటక దించినప్పుడు మళ్లీ చేతికొచ్చింది. ఆ రోజే మొదలుపెట్టా.

నీకు మొదటే చెప్పి ఉంటే ఒక మాట అనేవాడివి: "పచ్చరంగు వేసేయ్, ఈ గొడవంతా ఎందుకు?" నిజమే. 1971 యుద్ధం నాటికి ఈ ఎఫ్ఎల్‌లలో కొన్నింటికి పచ్చరంగులు పూశారు. ఆ రంగు వేస్తే కింద ఏ తప్పున్నా మరుగున పడిపోతుంది. కానీ మనం ఆ రాత్రి అనుకున్నది తళతళలాడే ఉత్త అల్యూమినియం విమానం. ఓఝర్‌లో, అంటే నువ్వుండే నాసిక్ పక్కనే, హెచ్ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చినప్పటి రూపం. అదే చేయాలని పట్టుపట్టా. ఈ ఏడాదంతా పడిన కష్టానికి ఆ పట్టుదలే కారణం, ఇప్పుడు షోకేసు ముందు నిలబడితే కలిగే సంతోషానికీ అదే కారణం.

అటక మీద ఏదో బరువు పడి ఎడమ రెక్క కొంచెం వంగింది. వేడినీళ్లలో ముంచి సరిచేశా. కాక్‌పిట్ దగ్గర మాత్రం నెల రోజులు పట్టింది. రష్యన్ కాక్‌పిట్ లోపలి రంగు నీకు తెలుసుగా, నీలమూ కాదు పచ్చా కాదు, మన పాత ఇళ్ల కిటికీలకు వేసే రంగులాంటిది. అది కలపడానికే నాలుగు సాయంత్రాలు. తర్వాత సీటు బెల్టులు. కిట్టులో అవి ఇత్తడి రేకు మీద చెక్కిన ముక్కలు, గోరు వెడల్పు కూడా ఉండవు. వంచితే స్ప్రింగులా లేచొస్తాయి. కూర్చునే సీటు మీద బెల్టు మెత్తగా వాలాలి కదా, ఇవేమో కర్రల్లా నిలబడ్డాయి. ఒకటి విరిగింది కూడా.

పాతబస్తీలో మా అమ్మ గాజులు చేయించే ఆచారి తాత ఉన్నాడే, ఆయన దగ్గరికి తీసుకెళ్లా. కంటికి భూతద్దం పెట్టుకుని, పట్టకారుతో ఆ ముక్క పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది నాయనా ఇది, బొమ్మకు నగలు చేయిస్తాండావా?" అన్నాడు. విషయం చెప్పా. దీపం వెలిగించి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని ఒక్కసారి సన్నగా ఊదాడు. ముక్క మసక ఎరుపుకు తిరిగిందో లేదో మంట పక్కకు తప్పించి చల్లారనిచ్చాడు. తర్వాత నా చేతిలో పెట్టి "ఇప్పుడు వంచు" అన్నాడు. బావా, అది గుడ్డపీలికలా వంగింది! "వేడి చూపిస్తే ఇత్తడి చెప్పిన మాట వింటాది. ఎక్కువ చూపిస్తే కరిగిపోతాది" అన్నాడు. మిగతా ముక్కలన్నీ ఆయన ముందే కూర్చుని నేనే కాల్చా. డబ్బులు తీసుకోలేదు. అయిపోయాక తెచ్చి చూపించమన్నాడు, అంతే.

ముక్కు సంగతి. మిగ్-21 నోరు తెరుచుకుని ఉంటే మధ్యలో శంకువు ఉంటుంది కదా, అది అందానికి పెట్టింది కాదు. ధ్వని వేగం దాటి దూసుకొచ్చే గాలిని అలాగే ఇంజన్లోకి పోనిస్తే ఇంజన్ తట్టుకోలేదు. ఆ శంకువు ముందుకూ వెనక్కూ జరుగుతూ గాలిని లోపలికి పోయేలోపే నెమ్మది చేస్తుంది. రాడార్ కూడా అందులోనే. అందుకే దాన్ని లోహంతో చేయరు, ఆకుపచ్చ రంగులో విడిగా కనిపిస్తుంది. మన మోడల్లో ఆ శంకువుకు ఇంకో పని కూడా పడింది. దాని లోపల చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు కూరా. ముక్కు బరువు లేకపోతే విమానం తోక మీద కూలబడుతుందని భయం.

ఇప్పుడు అసలు కథ. రెండు సగాలు అతికించాక వీపు మీదా పొట్ట కిందా అతుకు గీత మిగులుతుంది. పచ్చరంగుకైతే పుట్టీ పెట్టి ఒకసారి రుద్దితే చాలు. అల్యూమినియం రంగు అలా ఊరుకోదు. దాని కింద నున్నటి నల్లరంగు వేయాలి. ఆ నలుపు అద్దంలా ఉంటేనే పైన లోహం లోహంలా కనిపిస్తుంది. వెంట్రుకంత గీత ఉన్నా రంగు దాన్ని పట్టి చూపిస్తుంది. 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 800, 1000, 2000, చివరికి 3000 దాకా తడిపి తడిపి రుద్దా. రుద్దే కొద్దీ రేకుల మధ్య సందులు చూపే ప్యానెల్ లైన్లు మాసిపోతాయి, మళ్లీ సూదితో గీయాలి. ఒకటి లెక్క వేసి చూడు: అసలు విమానం మీద 5 మిల్లీమీటర్ల సందు ఉందనుకో, 48వ వంతుకు తగ్గిస్తే అది మిల్లీమీటరులో పదో వంతు. చేయి కొంచెం జారితే ఆ కొలతలో అది కాలువ అవుతుంది. రెక్క కొస నుంచి కొసకు 7.15 మీటర్లున్న విమానం మన బల్ల మీద 15 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. ఆ జానెడులో ఎన్ని రాత్రులు గడిచిపోయాయో!

మే నెలలో రంగు వేశా. అదే నేను చేసిన పెద్ద తప్పు. కర్నూలు మే ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? మిద్దె మీది మెట్ల గదిలో, అట్టపెట్టెతో చేసిన బూత్ ముందు, ముక్కుకు మాస్కు కట్టుకుని మధ్యాహ్నం మూడింటికి, రంగును తుంపరగా కొట్టే ఎయిర్ బ్రష్ పట్టా. రంగు గొట్టంలోంచి బయటికొచ్చి విమానాన్ని తాకేలోపే గాల్లోనే ఆరిపోతోంది. తాకేది రంగు కాదు, పొడి. వేలితో తడిమితే గరుకు. వెలుతురులో పెట్టి చూస్తే బూడిద పూసినట్టుంది. నాలుగు నెలల పని. ఆ రాత్రి అన్నం తినలేదు. మీ చెల్లెలు ఏమీ అడగలేదు, కంచంలో జొన్నరొట్టె పెట్టి మూత వేసి పక్కన పెట్టి పడుకుంది.

మర్నాడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది రంగంతా తీసేశా. మళ్లీ బూడిదరంగు ప్లాస్టిక్ బయటపడింది. పెట్టెలో పెట్టేశా.

అదే వారంలో డెకాల్స్, అదే నీళ్లలో నానబెట్టి విమానానికి అంటించే గుర్తులు, బయటికి తీసి చూస్తే ఇంకో దెబ్బ. పన్నెండేళ్లు పెట్టెలో ఉండి పసుపు తిరిగాయి. మన వైమానిక దళం గుండ్రటి గుర్తులో కాషాయానికీ ఆకుపచ్చకూ మధ్య తెల్లగా ఉండాల్సిన వలయం టీ మరకలా ఉంది. దీనికి మందు ఎండే అని మోడల్స్ చేసేవాళ్ల దగ్గర విన్నా. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దక్షిణం కిటికీ అద్దానికి టేపుతో అంటించా. పది రోజులు. నా రంగును పాడుచేసిన ఎండే ఆ పసుపును తినేసింది బావా. పదకొండో రోజు తీసి చూస్తే తెల్లగా మెరుస్తోంది. నాకు ఆ ఎండ మీద ఉన్న కోపమంతా పోయింది. పాతవి నీళ్లలో పడితే ముక్కలైపోతాయని పైన పల్చగా వార్నిష్ కూడా కొట్టి దాచా.

కానీ విమానం జోలికి మాత్రం వెళ్లలేదు. సెప్టెంబరు 26న టీవీ చూసేదాకా. 1963లో 28వ స్క్వాడ్రన్‌తో చండీగఢ్‌లో మొదలైన మిగ్-21, అదే చండీగఢ్‌లో చివరిసారి దిగింది. 62 ఏళ్లు! రకాలన్నీ కలిపితే మన వైమానిక దళంలో 800కి పైగా తిరిగాయి. ఆ రోజు కూడా కొందరు 'ఎగిరే శవపేటిక' అనే మాటే పట్టుకున్నారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ప్రమాదాలు జరగలేదని నేననను, కుర్ర పైలట్లు పోయారు, ఎన్ని ఇళ్లలో దీపాలారిపోయాయో. కానీ హాక్ శిక్షణ విమానం వచ్చిందే 2008లో. అంతకుముందు కుర్రాళ్లు నెమ్మదైన కిరణ్ శిక్షణ విమానం దిగి, మధ్యలో సరైన మెట్టు లేకుండా, ధ్వనికి రెండింతల వేగం పోగల విమానం ఎక్కాల్సి వచ్చేది. ఆ తప్పంతా రేకుల మీద రుద్దితే ఎలా? ఇదే విమానం 1971 డిసెంబరు 14న ఢాకాలో, అప్పటి తూర్పు పాకిస్తాన్ గవర్నరు భవనం మీద రాకెట్లు కురిపించింది. 28వ స్క్వాడ్రన్‌దే ఆ పని, ముందు నడిపింది వింగ్ కమాండర్ బిష్ణోయ్. గవర్నరు మాలిక్ ఆ రోజే రాజీనామా రాశాడు. రెండు రోజులకు అక్కడి పాక్ సైన్యం లొంగుబాటు.

టీవీ ఆపేసి పెట్టె దించా. రెక్కల కింద రాకెట్ గొట్టాలు పెట్టాలని అప్పుడే అనుకున్నా. ఒక్కో దాంట్లో 16 రాకెట్లు, ఒక్కోటి 57 మిల్లీమీటర్లు, మన కొలతలో 1.2 మిల్లీమీటర్ల రంధ్రం. కిట్టులో పైపైన గుంటలే ఇచ్చారు. 32 రంధ్రాలూ చేత్తోనే తొలిచా. నేను చేసింది ఆ రోజు ఢాకా మీద ఎగిరిన విమానమే అని చెప్పను, ఆ జాతిది.

నవంబరులో మళ్లీ రంగు. ఈసారి తెల్లవారుజామున ఐదింటికి లేచా. చలిగా, గాలి లేకుండా ఉంది. అయినా మన ఊరి దుమ్ము ఎక్కడికి పోతుంది? కింద వాకిట్లో మీ చెల్లెలు కళ్లాపి చల్లుతోంది. చూడగానే తట్టింది. నేనూ మెట్ల గది నేలంతా నీళ్లు చల్లా, గోడలకు కూడా. దుమ్ము అణిగిపోయింది. రంగులో నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపి, గాలి ఒత్తిడి తగ్గించి, దగ్గరగా పెట్టి పల్చగా, పల్చగా కొట్టా. మొదటి పొర పడగానే నలుపులోంచి వెండి పైకి లేచింది. కిటికీ చువ్వలు రెక్క మీద కనిపించాయి. గట్టిగా అరిచేశా, పాప నిద్ర లేచింది.

ఆ తర్వాత పని ఇష్టంగా సాగింది. అసలు విమానంలో రేకులన్నీ ఒకే రంగులో ఉండవు కదా. ఒక్కో పలకకు టేపు కట్టి, ఒకటి తెల్లగా, ఒకటి కొంచెం మబ్బుగా వేశా. తోక చివర ఇంజన్ వేడికి కాలే చోట ఉక్కురంగు మీద గోధుమ, దాని మీద ఉందా లేదా అన్నట్టు నీలం. బండి సైలెన్సర్ వంపు దగ్గర తిరిగే రంగు చూశావుగా, అచ్చం అదే. చక్రాల మధ్య పచ్చరంగు. డెకాల్స్ ఒక్కటి కూడా చిరగలేదు.

ఆచారి తాతకు తీసుకెళ్లి చూపించా. భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. సీటు బెల్టులు కనిపించేలా కాక్‌పిట్ మూత తెరిచే పెట్టాగా, అక్కడే ఆగాడు. "బాగుండాది నాయనా" అన్నాడు. ఆయన నోట ఆ మాట అంత తేలిగ్గా రాదని అమ్మ చెప్పింది.

మిగిలిన ముక్క పిటో గొట్టం. ముక్కు పైభాగాన ముందుకు పొడుచుకొచ్చే సన్నటి కడ్డీ, గాలి వేగం కొలిచేది. కిట్టులో ఇచ్చిన ప్లాస్టిక్‌ది లావుగా ఉందని పక్కన పెట్టి, రెండు ఇంజక్షన్ సూదులు ఒకదాంట్లో ఒకటి దూర్చి చేశా. ఆచారి తాత వాటిని కొలతకు కోసిచ్చాడు. అగ్గిపెట్టెలో దూది మీద ఉంది. రంధ్రం తొలిచి సిద్ధంగా పెట్టా, అతికించలేదు. సగం డబ్బులు నీవి కదా.

మార్చి 19న ఉగాది. ముందు రోజే దిగేట్టు టికెట్టు చూసుకో. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని, చేతులు శుభ్రంగా కడుక్కుని మిద్దె ఎక్కుదాం. ఎపాక్సీ జిగురు నేను కలుపుతా, ఐదు నిమిషాల్లో గట్టిపడుతుంది. ఆ ఐదు నిమిషాలూ కడ్డీ వంగకుండా నువ్వు పట్టుకోవాలి. ఈ లోపు ఓఝర్ వైపు వెళ్తే, ఎక్కడైనా నిలబెట్టిన మిగ్ కనిపిస్తే, తోక కింది భాగం ఫొటో దగ్గరగా తీసి పంపు. అక్కడి రంగు మీద నాకు ఇంకా అనుమానం ఉంది.

అక్కకు, పిల్లలకు నా మాటగా చెప్పు.

నీ బావ