మంత్రిగారికి బహిరంగ లేఖ: వంటశాలల పనిముట్లు కొనేటప్పుడు మన్నికనూ లెక్కగట్టండి

రాష్ట్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

అయ్యా,

మేము తిరుపతిలో మూడు తరాలుగా మురుకుల గొట్టాలు, శావిగలు ఒత్తే మరలు, కొబ్బరి కోరులు, ఆవకాయ ముక్కలు కొట్టే కత్తిపీటలు చేసి అమ్ముకుంటున్న కుటుంబం. మా తాతగారు కొలిమి పెట్టుకుని కొడవళ్లు, గొడ్డళ్లు చేసేవారు. నాన్నగారు ఒక పాత లేత్ యంత్రం కొని వంటింటి పనిముట్ల వైపు మళ్లారు. ఇప్పుడు నేనూ, నా తమ్ముడూ, మా ఇద్దరి భార్యలూ, ముగ్గురు పనివాళ్లూ కలిసి నడుపుతున్నాము. ప్రభుత్వ వసతి గృహాలకు, బడి వంటశాలలకు ఇటువంటి చేతి పనిముట్లు కొనేటప్పుడు వాటి ధరతో పాటు అవి ఎన్నేళ్లు పనిచేస్తాయో కూడా లెక్కగట్టే నిబంధన తీసుకురావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం కొన్ని వసతి గృహాలకు పిడి తిప్పి తురిమే కొబ్బరి కోరులు కావాలని టెండరు పిలిస్తే మేమూ ధర వేశాము. ప్రకటనలో ఉన్నది ఒక్క వాక్యమే: స్టీలు కోరు, బల్లకు బిగించేది, పెద్ద సైజు. మేము ఒక్కొక్కటి 1,450 రూపాయలకు ఇస్తామన్నాము. 780 రూపాయలకు ఇస్తామన్నవారికి పని దక్కింది. నిబంధన ప్రకారం అందులో తప్పేమీ జరగలేదని నాకు తెలుసు. అయితే ఎనిమిది నెలలకు ఆ వసతి గృహాల్లో ఒకదాని వంటమనిషి గోనెసంచిలో మూడు కోరులు వేసుకుని మా షెడ్డుకు వచ్చాడు. ఇరుసు తిరిగే చోట దానికి తొడిగే చిన్న గొట్టం, అంటే బుష్, ప్లాస్టిక్‌ది కావడంతో అరిగిపోయి పిడి గజగజ ఊగుతోంది. పళ్లు అతికిన చోట తుప్పు పట్టి, గీరితే ఎర్రటి పొడి చేతికి అంటుతోంది. రోజూ చట్నీకి పాతిక ముప్పై కాయలు తురమాలని, పాత కత్తిపీట మీద తురుముతూ రెండుసార్లు వేళ్లు కోసుకున్నానని చెప్పి, ఆ కట్టు విప్పకుండానే చేయి చూపించాడు. బాగుచేద్దామని చూస్తే విప్పడానికి వాటికి ఒక్క మర (స్క్రూ) కూడా లేదు, అంతా రివెట్లు కొట్టేసి ఉంది. అవి పాత ఇనుము కొట్టుకు తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

మా కోరులో బుష్ గన్‌మెటల్‌ది, అంటే రాగి, తగరం కలిసిన గట్టి లోహంది. అరిగితే రెండు మరలు విప్పి కొత్తది వేసుకోవచ్చు, పావుగంట పని. పళ్లకు వాడేది 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. అందులో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి. చౌక సరుకులో తరచుగా కనిపించే 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. ఉప్పు, చింతపండు, తడి తగిలే వంటింట్లో అది త్వరగా మచ్చ పడుతుంది. కొనేటప్పుడు రెండూ ఒకేలా మెరుస్తాయి. అయస్కాంతం అంటుకుంటుందా అని చూసి తేల్చుకోవచ్చని చాలామంది నమ్ముతారు గాని, మామూలుగా ఈ రెండింటికీ అది అంటుకోదు. కనుక కొనుగోలు చేసే అధికారిని నేను తప్పుపట్టలేను. ఆయన చేతికి ఇచ్చిన కొలబద్ద ధర ఒక్కటే.

మన్నిక అంటే ఏమిటో మాకు రోజూ కళ్లముందే కనిపిస్తుంది. మొన్న దీపావళి ముందు చంద్రగిరి నుంచి ఒక పెద్దావిడ ఇత్తడి మురుకుల గొట్టం తెచ్చారు. అది ఆమె పెళ్లిలో సారెతో పాటు వచ్చినది. పక్కన చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఆమె తల్లి పేరు తోమి తోమి సగం చెరిగిపోయింది. మర మాత్రం చదరపు పళ్లతో బిగువుగానే ఉంది, అచ్చు బిళ్ల రంధ్రాలే పెద్దవయ్యాయి. కొత్త బిళ్ల చేసి వేసి, అక్కడే పిండి కలిపి ఒత్తి చూపించాము.

కేంద్ర ప్రభుత్వం 2012లో తెచ్చిన ఉత్తర్వు ప్రకారం కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో ఇప్పుడు కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. అతి తక్కువ ధరకు 15 శాతం లోపు ఎక్కువ వేసిన చిన్న పరిశ్రమ, ఆ తక్కువ ధరకే దిగివస్తే కొంత సరఫరా దక్కుతుంది. మంచి ఉద్దేశమే. కానీ మా వంటివారు ఆ ధరకు దిగాలంటే గన్‌మెటల్ తీసి ప్లాస్టిక్ పెట్టాలి, 304 తీసి 202 పెట్టాలి. అప్పుడు మిగిలేది మా పేరే గాని మా సరుకు కాదు. మన రాష్ట్రం 2024-29 కాలానికి ప్రకటించిన చిన్న పరిశ్రమల విధానం ఇంటికొక పారిశ్రామికవేత్త రావాలంటోంది. అలా వచ్చేవారికి మంచి సరుకు చేస్తే అమ్ముడవుతుందన్న భరోసా కూడా అదే విధానంలో ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

అందువల్ల నా విన్నపం ఇది. టెండరు ప్రకటనలో స్టీలు రకం, రేకు మందం, బుష్ లోహం రాయించండి, అరిగే భాగాలు విప్పి మార్చేలా ఉండాలని షరతు పెట్టించండి. సరఫరాదారు ఎన్నేళ్లకు హామీ ఇస్తే ధరను అన్నేళ్లతో భాగించి పోల్చమనండి. పైన చెప్పిన రెండు ధరలనే అలా పోల్చితే, మేము అయిదేళ్ల హామీ రాసివ్వగలం కనుక మాది ఏడాదికి 290 రూపాయలు పడుతుంది, ఏడాదైనా నిలవని ఆ 780 రూపాయల కోరు అంతకంటే ఎంతో ఖరీదవుతుంది. హామీ తప్పితే మా ధరావతు జప్తు చేయండి, దానికి మేము సిద్ధం. ఇక పరీక్ష సంగతి. స్టీలు రకం తేల్చుకోవడానికి మేము నమూనాను చెన్నైకి పంపి రోజుల తరబడి ఎదురుచూస్తున్నాము. చిన్న పరిశ్రమల సముదాయాల పథకం కింద ఉమ్మడి వసతి కేంద్రాలకు, అంటే చిన్న పరిశ్రమలవారు కలిసి వాడుకునే యంత్రాలు, పరీక్ష సదుపాయాలు ఉండే చోట్లకు, కేంద్రం సాయం చేస్తోంది గనుక, తిరుపతి, చిత్తూరు జిల్లాల వారికి అందుబాటులో ఒక లోహ పరీక్ష యంత్రం పెట్టించగలిగితే కొనే అధికారికీ, చేసే మాకూ వాదన లేకుండా పోతుంది.

తమరు ఈసారి తిరుపతి వచ్చినప్పుడు ఒక్క అరగంట మా షెడ్డుకు రావలసిందిగా ప్రార్థిస్తున్నాను. వంటమనిషి వదిలివెళ్లిన కోరుల్లో ఒకటి పాత ఇనుముకు వేయకుండా దాచాను. దాన్నీ, మా కోరునూ పక్కపక్కనే బల్లకు బిగించి ఉంచుతాను. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క కొబ్బరి చిప్ప తమ చేత్తోనే తురిమి చూడండి.

ఇట్లు,
తమ విధేయుడు,
చేతి వంట పనిముట్ల తయారీదారు,
తిరుపతి