పిల్లల పఠన విభాగం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

పోయినసారి మన కాలనీ సర్వసభ్య సమావేశంలో చాలామంది తల్లిదండ్రులు ఒకటే అడిగారు: పిల్లల చేతిలోంచి ఫోను ఎలాగూ లాక్కోలేకపోతున్నాం, దాంతోనే చదివించలేమా అని. ఈ ఏడాది మన విభాగం పనంతా ఆ ప్రశ్న చుట్టూనే సాగింది.

చిన్నపిల్లల కోసం ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఎంచుకున్నాం. 2015లో మొదలైన ఈ ఆన్‌లైన్ వేదికలో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. కథలన్నీ తేలిక నుంచి కష్టం దాకా నాలుగు స్థాయుల్లో ఉంటాయి. నాలుగో తరగతి పిల్లాడు మొదటి స్థాయి కథ తీసినా ఎవరూ నవ్వకూడదని ముందే గట్టిగా చెప్పుకున్నాం. ఎవరైనా వాడుకోవచ్చని అనుమతించిన ఓపెన్ లైసెన్సు కథలు కాబట్టి ముద్రించుకోవడానికి అభ్యంతరం లేదు. ఇంట్లో స్మార్ట్‌ఫోను లేని పిల్లలకు, మన వాచ్‌మన్ల పిల్లలకు ప్రింట్లు తీసి, కుట్టి ఇచ్చాం.

చదివి ఊరుకుంటే అదీ ఇంకో హోంవర్కే. అందుకని తల్లిదండ్రుల నంబర్లతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, వారానికో కథ అందరూ చదివి తమకేమనిపించిందో చెప్పే ఏర్పాటు చేశాం. ఆరో తరగతి అమ్మాయి ఒకరోజు ఓ చిలక కథ గురించి వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఆ చిలక తిరిగి రావడం నాకు నచ్చలేదు. చెట్టు మీద హాయిగానే ఉంది కదా!" వెనకాల కుక్కర్ కూతలు వినిపిస్తున్నాయి. "గద్దొస్తే?" అన్నాడొకడు. "మరి గింజలెవరు పెడతారు?" అంది ఇంకో పాప. వాదన రెండు రోజులు నడిచింది. ఎవరి మాట నిజమో తేల్చుకోవడానికి అందరూ కథ మళ్లీ తెరిచారు. పెద్దలం కల్పించుకోలేదు. మనం పదిసార్లు చెప్పినా ముట్టని పుస్తకాన్ని, తోటివాడు కాదన్నాడని పట్టుకుంటారు. ఈ ఏడాది మేం కళ్లారా చూసింది ఇదే.

పెద్దపిల్లలు, పాఠకులు పుస్తకాలపై అభిప్రాయాలు రాసుకునే గుడ్‌రీడ్స్ వెబ్‌సైట్‌లో చేరతామన్నారు. అక్కడ 13 ఏళ్లు నిండనివారికి ఖాతా ఇవ్వరు, ఆ నిబంధన దగ్గర ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. అసలు పేరు, ఫొటో, బడి పేరు పెట్టొద్దన్నాం. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లు నిండేదాకా పిల్లలే కాబట్టి, ప్రతి ఇంటి నుంచీ రాతపూర్వకంగా అంగీకారం తీసుకున్నాం. పేరున్న ఇంగ్లీషు నవలకు అక్కడ వేలల్లో అభిప్రాయాలు ఉంటాయి, చాలా తెలుగు పుస్తకాల కింద ఒక్కటీ ఉండదు. ఈ తేడా పిల్లలకే కష్టంగా తోచింది. తాము చదివిన తెలుగు పుస్తకాల గురించి తెలుగు లిపిలోనే రాయడం మొదలుపెట్టారు. రాసింది నాలుగు వాక్యాలే కావచ్చు, ఆ పుస్తకం వెతుక్కుంటూ వచ్చే ఇంకో పిల్లకు అవి ఎంతో విలువైనవి.

ఏడాదికి ఇన్ని పుస్తకాలని లక్ష్యం పెట్టుకునే సదుపాయం అక్కడుంది. మనమూ అలాంటి పోటీ పెట్టి బహుమతులిద్దామని కొందరు సభ్యులు సూచించారు. విభాగం ఒప్పుకోలేదు. లెక్క కోసమైతే పలచటి పుస్తకాలే ఏరుకుంటారు. ఒకే లావు పుస్తకంతో నెలంతా కుస్తీ పట్టిన పిల్ల ఓడిపోయినట్టవుతుంది.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పిల్లలను తీసుకెళ్లాం. ఏం కొనాలో గ్రూపులో ముందే మాట్లాడుకుని జాబితాలతో వచ్చారు. 1911లో రామ్మోహన్ గ్రంథాలయం వెలసిన ఊరు మనది. కృష్ణా డెల్టా కాలువల్లో పడవ మీద ఊరూరా పుస్తకాలు తిప్పిన పెద్దలున్న ప్రాంతం. ఆ సంగతి తిరుగు ప్రయాణంలో బస్సులోనే పిల్లలకు చెప్పాం.

ప్రింట్లకు, బస్సుకు అయిన ఖర్చు కోశాధికారి నివేదికలో ఉంది.

వచ్చే ఏడాది కాలనీలోని తాతయ్యలు, అమ్మమ్మల గొంతుతో కథలు రికార్డు చేసి గ్రూపులో పెట్టాలని విభాగం ప్రతిపాదిస్తోంది. ఓపెన్ లైసెన్సు ఉన్న కథలే తీసుకుంటాం. చదవడానికి ముందుకొచ్చేవారు తమ పేరు, వీలైన వేళ కార్యదర్శికి తెలియజేయగలరు. ఫోను వాడటం రాకపోయినా పరవాలేదు, రికార్డింగ్ పని పదో తరగతి పిల్లలు చూసుకుంటామన్నారు.