కారుకు కొలతలున్నాయి, వాచ్‌మన్ గదికి లేవు

సంపాదకులకు,

నెల్లూరులో కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల మీద మీ ఆదివారం పేజీలో వేసిన వ్యాసం చదివాను. జిమ్ము, స్విమ్మింగ్ పూలు, ఫ్లాటుకు రెండేసి కార్ల పార్కింగు, అన్నీ రాశారు. కింద సెల్లార్లో కాపురం ఉండేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఆ కాపురం చేసి వచ్చినవాణ్ని, అందుకే ఈ ఉత్తరం.

మాది ఉదయగిరి తట్టు, దుత్తలూరు మండలం. బోరు ఎండి, బత్తాయి చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టుకున్నాక పెళ్లాం బిడ్డలతో హైదరాబాదు బస్సెక్కాను. మియాపూర్ వైపు ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో ఏళ్లకేళ్లు వాచ్‌మన్‌గా చేశాను. ‘ఊళ్లోనే ఉండొచ్చు కదా’ అనే పెద్దమనుషులు ఒక్కసారి ఏప్రిల్ నెలలో మా మెట్టకు వచ్చి చూసి పోవాలి.

మాకిచ్చిన గది ఎనిమిదడుగులు, పదడుగులు. కిటికీ లేదు. ర్యాంపు వైపు పైన ఒక జాలీ ఉండేది, గాలి కంటే కార్ల పొగే ఎక్కువ వచ్చేది అందులోంచి. బిల్డింగు మొత్తానికి కరెంటు మీటర్లు మా గోడకే. రీడింగు తీసే అబ్బాయి వచ్చినప్పుడల్లా మంచం ఎత్తి బయట పెట్టాలి. ఆ గదిలోనే నలుగురం, గ్యాసు పొయ్యి, బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు. పక్కన గీతలు గీసి కారుకు వదిలిన జాగా మా గది కంటే పెద్దది. ఆ కారుకు రాత్రిపూట కవరు కప్పేదీ నేనే.

మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. ఏ అర్ధరాత్రి వచ్చినా లేచి వాల్వు తిప్పాలి, సంపు నింపాలి, మోటారు వేయాలి. 2021 జనవరి నుంచి హైదరాబాదులో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నారు. మంచి పనే, ఫ్లాట్ల వాళ్లకు బిల్లు తగ్గింది. సెల్లారు గదికి ఫ్లాటు నంబరు ఉండదు కదా, మా కుళాయికి ఎప్పటిలా బోరు నీళ్లే. మా ఆవిడ తాగడానికి సంపులోంచి బిందె ముంచుకుంటే అది ఎవరి వాటాలోకి వస్తుందని అసోసియేషన్ మీటింగులో ఒకాయన అడిగాడు. నాలుగిళ్లలో అంట్లు తోమేది ఆవిడే.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన హైదరాబాదులో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. సెల్లార్లోకి నీళ్లు దిగుతుంటే ఇంటర్‌కమ్ మోగుతూనే ఉంది, కార్లు తీయించమని. ఒక్కో తాళం తెచ్చుకుని డ్రైవింగు వచ్చిన కుర్రాళ్లతో రోడ్డు మీదికి పెట్టించి దిగొచ్చేసరికి మా గదిలో మోకాలి లోతు. మావాడి టెన్త్ సర్టిఫికెట్టు, నెల బియ్యం పోయాయి. అన్యాయంగా మాట్లాడను, రెండో అంతస్తు అమ్మగారు పిల్లల్ని వాళ్ల హాల్లో పడుకోబెట్టుకుంది. మేమిద్దరం మెట్ల మీద. తెల్లారాక వాట్సాప్ గ్రూపులో అందరూ మునిగిన రెండు కార్ల ఇన్సూరెన్సు గురించే.

డిప్లొమా సివిల్ చదివిన మా పెద్దవాడు ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల జీవో, 168 నంబరుది, తీసి చూపించాడు. కార్ల పార్కింగుకు కట్టడం వైశాల్యంలో ఇంత శాతమని లెక్క కట్టి పెట్టారు. వాచ్‌మన్ గది, మరుగుదొడ్లు కలిపి 25 చదరపు మీటర్లు మించకూడదన్నారు. ఎంతకు తగ్గకూడదో మాత్రం వాడు ఎంత వెతికినా దొరకలేదు. ఒకే గది ఉన్న ఇంట్లో ఆ గది తొమ్మిదిన్నర చదరపు మీటర్లకు తగ్గరాదని జాతీయ భవన నియమావళిలో ఉందట. మాది ఏడున్నర కూడా లేదు. మరి మాది ఇల్లో, స్టోరు రూమో చెప్పేవాళ్లెవరు?

హైదరాబాదు పెద్ద నగరం, అక్కడ అంతేలే అనుకుని తిరిగొచ్చాను. ఇప్పుడు మా మేనల్లుడు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. చూడ్డానికి పోయాను. మెట్ల కింద గది, లోపల మీటర్ల బోర్డు, మరుగుదొడ్డికి తలుపు బదులు ఫ్లెక్సీ. ఎన్నికలొస్తే హైదరాబాదు దాకా మనిషిని పంపి, టికెట్టు తీసి మరీ మమ్మల్ని ఊరికి రప్పించుకునే నాయకులకు ఈ గది అడ్రసు తెలియకపోవడం ఏందో!

నెల్లూరు కార్పొరేషన్, నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అధికారులను నేనడిగేది పెద్దదేం కాదు. ప్లాను పాస్ చేసేటప్పుడు వాచ్‌మన్ గదికి కనీస కొలత, ఒక కిటికీ, తలుపున్న మరుగుదొడ్డి, తాగునీటి కుళాయి ఉన్నాయో లేదో చూడండి. కట్టడం పూర్తయ్యాక కాపురానికి అనుమతిగా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు ఇచ్చే ముందు పై ఫ్లాట్లతో పాటు సెల్లార్లోకీ దిగండి. మీటర్ల బోర్డు గదిలోంచి బయటికి మార్చడానికి అసోసియేషన్లకు ఏ జీవో అక్కర్లేదు, ఈ నెల మెయింటెనెన్సులోనే చేయించొచ్చు.

ఇట్లు,
ఒక మాజీ వాచ్‌మన్,
దుత్తలూరు మండలం, నెల్లూరు జిల్లా.