నీటినల్లుల లెక్క తప్పింది: 2024-25 వార్షిక నివేదిక

నీటినల్లులను పట్టి, ఏది ఏ రకమో చూసి జాబితా రాసే మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

నీటినల్లి అంటే ఏంటని ఇంట్లో అడుగుతుంటే చెప్పలేకపోతున్నామని కొత్త సభ్యులు అంటున్నారు కాబట్టి ముందు అదే చెప్పేస్తాను. ఇది మంచంలో ఉండే నల్లి కాదు, సాలీడు వైపు చుట్టం. గుంటూరు వైపు వాళ్లకైతే మిరపలో కింది ముడత తెచ్చే తెల్లనల్లికి నీళ్లలో ఉండే దూరపు బంధువు అంటే చాలు, వెంటనే అర్థమైపోతుంది. ప్రపంచంలో ఇప్పటికి పేర్లు పెట్టినవే 6,000 రకాల పైన ఉన్నాయి.

ఈ ఏడాది మనం చేసిన అసలు పని కొత్తవి పట్టడం కాదు, నిరుటి జాబితాను కొట్టేయడం. నిరుడు ఎర్రవి ఒక రకం, ఆకుపచ్చవి ఒక రకం అని రంగు చూసి రాసుకున్నాం, పైగా వాటిని స్పిరిట్‌లో వేసి దాచాం. తీసి చూస్తే అన్నీ పాలిపోయి, కాళ్లు ముడుచుకుని, ఏది ఏదో తెలియకుండా ఉన్నాయి! ఇప్పుడు 5 వంతులు గ్లిజరిన్, 4 వంతులు నీళ్లు, 1 వంతు గ్లేసియల్ (నీళ్లు కలపని) ఎసిటిక్ యాసిడ్ కలిపిన కోనికె ద్రావణం వాడుతున్నాం. ఇందులో రంగు నిలవదు గానీ ఒళ్లు మెత్తగా ఉంటుంది, కాళ్లు విడదీసి చూడొచ్చు.

ఇంకో తప్పు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆరు కాళ్లవాటిని వేరే జాతిగా రాశాం, తీరా అవి పిల్లలు. తూనీగ పొట్ట కింద ఎర్ర పూసల్లా అతుక్కుని రసం పీల్చేవి ఇలాంటి పిల్లలే, పెద్దయ్యాక ఎనిమిది కాళ్లొస్తాయి. అర్రెనూరస్ అనే నీటినల్లుల్లో మగదానికి వెనక తోకలాంటి భాగం ఉంటుంది, ఆడది గుండ్రంగా ఉంటుంది, వాటినీ రెండు రకాలుగా లెక్కేశాం. అలాగని ఒకే చెరువులో దొరికాయి కదా అని జంట కట్టేయకూడదు, ఆడవాటిని జాతిదాకా గుర్తుపట్టడం నిపుణులకే కష్టం. అందుకే ఇకనుంచి ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) పేరు దగ్గరే ఆగుదాం.

మరి దేన్ని చూడాలి? కళ్లజోడు పెట్టుకున్నట్టు కళ్లు నడిమధ్యలో కలిసి ఉండి, చివరి కాళ్లను ఈడ్చుకుంటూ ఈదేది ఎయిలైస్. చివరి కాళ్లకు గోళ్లు లేనిది లిమ్నీసియా. ఆల్చిప్ప లోపల దొరికితే ముందు యూనియోనికోలా అయ్యుంటుందేమో చూడండి. తేలకపోతే పొట్ట కింద జననరంధ్రం పక్కన ఉండే చిన్న బొడిపెలు ఎన్ని, ఎలా పేర్చి ఉన్నాయో లెక్కపెట్టాలి, దానికి మైక్రోస్కోపు, ఓపిక రెండూ కావాలి.

సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్‌లో మన సభ్యుడి ఇంట్లో ఉన్న సీసాల పెట్టె మునిగింది. సీసాలు బాగానే ఉన్నాయి, పైన పెన్నుతో రాసిన చీటీలే చెరిగిపోయాయి. ఎక్కడ పట్టామో తెలియని నల్లి దేనికీ పనికిరాదు, పారబోశాం. ఇప్పుడు మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేస్తున్నాం.

జమాఖర్చులు విడిగా పంపాం. నిరుటి సీసాలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, బందరు కాలువవి ముఖ్యంగా, దయచేసి తెచ్చివ్వండి, కడగకుండా.