తారీఖు తర్వాత, ముందు కార్నియా కొలతలు

మస్కట్

చెల్లే,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన రెండు అద్దాల చీటీలు పక్కపక్కన పెట్టుకొని చూసిన. పోయినేడాది సంక్రాంతికి నల్లగొండలో రాయించిన దాంట్లో కుడికన్ను సిలిండర్ మైనస్ 1.75, యాక్సిస్ 170. మొన్న హైదరాబాద్‌లో రాసిచ్చిన దాంట్లో అదే కన్నుకు మైనస్ 2.75, యాక్సిస్ 155. ఎడమకన్ను మైనస్ 1.50 కాడనే ఆగింది. అద్దాలు పోయే లేజర్ ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చిండ్రని అమ్మ ఫోన్‌లో సంబురంగ చెప్పింది. ఆ తారీఖు ఇప్పటికి ఆపుమని చెప్పడానికే ఈ ఉత్తరం. లేజర్ చెడ్డదని కాదు. నీ కుడికన్ను పవర్ ఇంకా కుదురుకోలేదు, అందుకు.

నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటది, కార్నియా. దానికి అన్ని దిక్కులా ఒకే వంపు ఉంటే వెలుగు కంటి లోపల ఒక్క చుక్కగా చేరుతది. ఒక దిక్కు ఎక్కువ వంగి, దానికి అడ్డంగా తక్కువ వంగితే వెలుగు రెండు చోట్ల చేరి, అక్షరాల అంచులకు నీడ పట్టినట్టు కనిపిస్తది. ఆ తేడా ఎంతో చెప్పేది సిలిండర్, ఏ దిక్కున ఉందో చెప్పేది యాక్సిస్. లేజర్ చేసేదల్లా ఎక్కువ వంగిన దిక్కును చదును చేసుడే. ఒట్టి మైనస్ పవర్‌కు గుండ్రంగా చెక్కుతది, సిలిండర్ ఉంటే కోలగా చెక్కుతది. ఆ 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ చుట్టుపక్కల కాల్చదు, అణువుల బంధాలు తెంపి పల్చగా తీసేస్తది. ఈ గుణాన్ని 1981లో అమెరికాలో ఐబీఎం ల్యాబులో కనిపెట్టిన వాళ్లలో ఒకాయన మన మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. మాంసం మీద మొదటిసారి పరీక్షించింది అక్కడి పండుగకు వండగా మిగిలిన టర్కీ కోడి ముక్కతోనే.

సిలిండర్ లేజర్‌లో అసలు పంచాయితీ యాక్సిస్‌తోనే. నాయిన మగ్గం మీద రోజూ చూస్తవు గదా, చిటికీ కట్టి రంగేసిన పేక పడుగు మీది రంగుతో సరిగ్గా కూర్చోకపోతే పువ్వు అంచు చెదురుతది, నాయిన ఆ దారాన్ని జరిపి సరిచేస్తడు. కన్ను మీద చెక్కినంక జరిపే వీలు లేదు. కూసున్నప్పుడు ఉన్న కన్ను పండుకోగానే కొన్ని డిగ్రీలు తిరగొచ్చు. 5 డిగ్రీలు తప్పితే సిలిండర్‌లో 17 శాతం దాకా మిగిలిపోతది, 10 డిగ్రీలు తప్పితే మూడో వంతు. నీ 2.75కు అది దాదాపు ఒక పూర్తి పవర్, మళ్లీ అద్దాలే. అందుకే కూసోబెట్టి కన్ను అంచున ఇంకుతో గుర్తు పెడ్తరు, లేదంటే కనుపాప చుట్టూ ఉన్న గీతలను గుర్తుపట్టి తిరిగినంత సరిచేసుకునే మిషిన్ వాడ్తరు. ఈ రెండిట్ల ఏది చేస్తరని ఆ డాక్టర్‌ను అడుగు. అడగడానికి మొహమాట పడకు.

ఇగ నా భయం సంగతి. ఇరవై దాటినంక ఒక కంటిలోనే సిలిండర్ ఇంత తొందరగా పెరిగి, యాక్సిస్ కూడా జరిగిందంటే ముందు కెరటోకోనస్ లేదని తేల్చుకోవాలె. అందులో కార్నియా ఒకచోట పల్చబడి, ముందుకు మొనదేలుతది. పొద్దస్తమానం కండ్లు నలిపేవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ, నువ్వేమో మగ్గం గదిలో నూలు దుమ్ముకు చిన్నప్పటి నుంచి మణికట్టుతో కండ్లు నలుపుతనే ఉన్నవు. అసలే బలహీనమైన పొరను లేజర్‌తో ఇంకా పల్చన చేస్తే అది ఉబ్బుకొస్తది, ఎక్టేసియా అంటరు. అప్పుడు అద్దాలతో కూడా చూపు పూర్తిగా రాకపోవచ్చు.

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట, "మందం 520 ఉందంట అక్కా, సరిపోతదంట." లెక్క చేద్దాం. 520 మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పైన మూతలెక్క లేపే పొర, ఫ్లాప్, 110. నీ కుడికన్ను మైనస్ 1, సిలిండర్ 2.75, కలిపితే 3.75. పవర్‌కు ఇంచుమించు 15 మైక్రాన్ల లెక్కన 56 పోతది. కింద మిగిలేది 354. కనీసం 250 ఉండాలంటరు, చాలామంది డాక్టర్లు 300కు తగ్గనియ్యరు. ఫ్లాప్, చెక్కేది కలిపి మొత్తం మందంలో 40 శాతానికి చేరొద్దు, నీది 32. లెక్క సరిపోయింది, నిజమే. కానీ 520 అనేది నడిమిట్ల ఒక్కచోట కొలిచిన అంకె. మొన ఎక్కడ తేలుతుందో అది చెప్పదు. దానికి పెంటాకామ్ లాంటి మిషిన్‌తో తీసే కార్నియా పటం, టోపోగ్రఫీ, కావాలె. ముందు వంపు, వెనక వంపు, అన్నిచోట్లా మందం రంగుల పటంలో వస్తది. చూడాల్సింది వెనక వంపు. తొలి దశ కెరటోకోనస్ ముందు అక్కడనే బయటపడొచ్చు.

పెంటాకామ్‌కు పోయేముందు రెండు వారాలు టోరిక్ లెన్సులు (సిలిండర్‌కు పెట్టే కాంటాక్ట్ లెన్సులు) అసలు పెట్టకు, వాటి ఒత్తిడికి కార్నియా ఆకారం మారి పటం తప్పొస్తది. పెండ్లి ఉందని ఒక్కపూట పెట్టుకున్నా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టు. కండ్లు దురదపెడితే మూసుకొని చల్లటి తడిగుడ్డ పెట్టు, డాక్టర్ రాసిన ఎలర్జీ చుక్కలు వెయ్యి. మెడికల్ షాపోడు ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు మాత్రం ముట్టకు, దురద వెంటనే తగ్గుతది కానీ నెలల తరబడి వేస్తే కంటిలో ప్రెషర్ పెరిగి నరం దెబ్బతినొచ్చు.

పటం మంచిగొచ్చినా లేజర్ వెంటనే వద్దు. ఏడాదిలో మార్పు అరపవర్‌లోపే ఉన్నదని చీటీల మీద కనిపించాలె. అప్పుడు చేయించుకుంటే, రెండు కండ్లకు ఇరవై నిమిషాల పని. తిమ్మిరి చుక్కలు వేస్తరు, ఫ్లాప్ చేసేటప్పుడు ఒత్తిడికి కొన్ని క్షణాలు కండ్ల ముందు చీకటైతది, చెక్కేటప్పుడు వెంట్రుక మాడినట్టు వాసనొస్తది. భయపడకు, చూడమన్న లైటు మీదనే చూపు పెట్టు. ఆ రాత్రే చౌటుప్పల్ బస్సెక్కి రావొద్దు. తెల్లారి ఫ్లాప్ ముడత పడలేదని చూపించుకొని రండి. వారం దాకా రాత్రి కండ్లకు షీల్డు, తలస్నానం లేదు. మగ్గం గదికి నెలరోజులు పోకు. కండ్లు ఆరిపోవుడు కొన్ని నెలలుంటది, కన్నీటి చుక్కలు వేస్తనే ఉండాలె.

ఒకవేళ కెరటోకోనస్ అంటే సీ త్రీ ఆర్ చేస్తరు. రైబోఫ్లేవిన్ అనే విటమిన్ చుక్కలేసి అతినీలలోహిత కాంతి పెట్టి పొరను గట్టిపరుస్తరు. అద్దాలు పోవు, పెరుగుడు ఎక్కువమందికి ఆగుతది. నీ వయసులో అది చాలా పెద్ద లాభం. అమ్మకు ఇది నువ్వు చెప్పకు, సంబంధాల ముచ్చటతో కలిపి దిగులు పడుతది. శుక్రవారం నేనే ఫోన్ చేసి చెప్త.

పెంటాకామ్ కాయితం వచ్చినంక రెండు కండ్ల పటాలన్నీ కనబడేటట్టు, అంకెలు మసక లేకుండా ఫోటో తీసి పంపు. ఇంట్లో బీరువా కింది అరలో నీ పదో తరగతినాటి అద్దాల చీటీ ఉండాలె, అది కూడా వెతుకు.

మీ అక్క